పథ్యం తప్పిన తర్వాత

ఇప్పుడు బాగున్నాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎవరి రోగం కథ చదివినా నేను మొదట చివరి పేజీ తిప్పి మనిషి బతికిందో లేదో చూసుకుంటాను. మీరూ నాలాంటివాళ్లే అయితే ఆ శ్రమ తగ్గుతుంది. బతికాను, అన్నం తింటున్నాను, డాక్టరమ్మ ఇచ్చిన మాత్ర పొద్దున్నే మింగుతున్నాను. దాని అట్ట మీద రాసింది ఇప్పటికీ రెండుసార్లు చదివి గానీ మింగను.

ఎండాకాలం, జనగామ

నా పేరు సరోజన. జనగామలో బస్సు కండక్టర్‌ని. ఇరవై ఏళ్లకు పైగా పాలకుర్తి, లింగాల ఘనపూర్ దారుల్లో తిరుగుతున్నాను. ఈ ఉద్యోగంలో మొదట నేర్చుకునేది మనుషుల్ని నమ్మకపోవడం. మీసాలు మొలుస్తున్న కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని "వీనికి ఇంక అయిదు నిండలే" అనే తల్లులను చూశాను. నేను దగ్గరికి రాగానే గురకపెట్టే పెద్దమనుషులను చూశాను. ఒకే సంగతిని మూడు రకాలుగా అడగడం మా విద్య. ఎక్కడ దిగుతవ్, ఎక్కడ ఎక్కినవ్, ఆ ఊర్ల ఎవరింటికి పోయినవ్? అబద్ధమాడేవాడు రెండో ప్రశ్న దాటుతాడు, మూడోదాని దగ్గర తడబడతాడు.

నాకున్న రెండో విద్య చదువు. పదో తరగతితో ఉద్యోగంలో చేరి, పిల్లలు పెద్దయ్యాక దూరవిద్యలో డిగ్రీ చేశాను. అంతటితో ఆగలేదు. బస్సు ఆగినచోట విత్తనాల సంచి వెనక రాసింది చదువుతాను, పల్లీలు కట్టిన కాగితం విప్పి చదువుతాను. మా ఆయన నరహరి టైలర్. "నీకు ఇంకేం పరీక్ష ఉన్నదే, గింతగనం చదువుతున్నవ్?" అని ఎగతాళి చేస్తాడు. తెలుసుకోవడం ఆపిన రోజు ఎవడైనా మోసం చేస్తాడని నా నమ్మకం. చదువు నాకు జ్ఞానం కోసం ఎంతో, కాపలా కోసం అంతే.

మోకాళ్ల నొప్పులు పోయిన ఏడాది ఎండల్లో మొదలయ్యాయి. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులో కాలు పెట్టే సందు లేదు. ఉచితమైనా టికెట్ కొట్టాలి, ఆధార్ కార్డు చూడాలి. నేనేమో ఫొటోనూ మనిషినీ పోల్చి చూడకుండా ముందుకు కదలను. సాయంత్రానికి మోకాళ్లు ఇటుకల్లా బిగుసుకునేవి. జనగామలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాం. బరువు తగ్గమన్నాడు, కాళ్లకు కసరత్తు చూపించాడు, నొప్పి ఓర్చుకోలేనప్పుడే వేసుకొమ్మని మాత్రలు రాశాడు. మందుల షాపు ఆయన ఆస్పత్రి కిందే ఉంది. అది చూడగానే నాకు సగం నమ్మకం పోయింది. ఇంటికొచ్చి మాత్రల డబ్బాలోని కాగితం విప్పి చదివాను. కడుపులో పుండు, కిడ్నీలకు దెబ్బ, కాలేయానికి దెబ్బ, అన్నీ వరుసగా రాసి ఉన్నాయి. మిగతా సగం నమ్మకమూ పోయింది.

ఇందులోని వింత అప్పుడు నాకు కనబడలేదు. తన చెడు తానే రాసుకున్న మందును నేను అనుమానించాను.

వానలు మొదలైనప్పుడు, భూపాలపల్లి

మా అన్న సమ్మయ్య భూపాలపల్లిలో ఉంటాడు. బొగ్గు బాయిలో దిగి తవ్వే పని. వాడి మోకాళ్లు నాకంటే ముందే పోయాయి. అలాంటివాడు ఆషాఢంలో మా ఇంటికొచ్చి మెట్లు చకచకా ఎక్కాడు. ఏంటని అడిగితే జేబులోంచి పొట్లం తీశాడు. గోధుమరంగు పొడి. భూపాలపల్లి దాటి అడవి వైపు ఒక పల్లెలో ఎల్లయ్య కాక ఇస్తాడట.

"నువ్వు ఒక్కసారి చూడు చెల్లె, ఆయన దగ్గర మోసం లేదు. బోర్డు లేదు, కాయితం లేదు," అన్నాడు అన్న.

నేను, మా అక్క భారత ఇద్దరం కలిసి వెళ్లాం. అక్కది మానుకోట దగ్గర కురవి. మిరపచేను, పత్తిచేను, నడుములు పడిపోయే పని. నాకంటే ఆరేళ్లు పెద్దది, అనుమానంలో నాకు గురువు. కూరగాయలవాడి తక్కెడ కిందికి వంగి చూసే మనిషి.

ఎల్లయ్య కాక ఇంటి ముందు ఆకులు ఆరబోసి ఉన్నాయి. నేను నా విద్య బయటికి తీశాను.

"ఏం చెట్టు మందు కాకా?"

"మా నాయిన చూపిన చెట్టు."

"ఇంగ్లీషు మందు ఏమన్న కలుస్తదా?"

ఆయన నవ్వాడు. "నాకు చదువు రాదు బిడ్డా. ఇంగ్లీషు మందు పేరు గుడ నోరు తిరగదు."

"మరి ఎవ్వరికీ పడకుండ అయితే లేదు గద?"

"పత్యం తప్పినోళ్లు పడిపోతరు. నేను కండ్లార చూసిన. పత్యం తప్పితె మందు తిరగబడ్తది. గప్పుడు మందు ముట్టనే ముట్టొద్దు. అమాస దాటినంక మళ్ల షురూ చెయ్యాలె. ఇంకోటి, దవాఖానోళ్లకు చెప్పకుండ్రి, వాళ్లకు గిట్టదు."

మూడు ప్రశ్నలకూ తడబడలేదు. పథ్యం కూడా అల్లాటప్పాది కాదు. వంకాయ లేదు, గోంగూర లేదు, శనగపిండి లేదు, కోడికూర లేదు. ఇన్ని వద్దన్నాడంటే మందులో నిజం ఉందనుకున్నాను. మన దగ్గర పథ్యం లేని మందును ఎవరూ లెక్కచేయరు. పథ్యం ఎంత గట్టిదైతే మందు అంత గొప్పది. డిగ్రీ చదివిన నేనూ ఆ లెక్కే వేశాను. రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే. నాకు కాగితం లేని మందు కావాలి, ఆయన దగ్గర కాగితం లేదు.

ఇద్దరం పొట్లాలు తెచ్చుకున్నాం. ఆ పొడి తిన్న వారంలో నేను బస్సు మెట్లు పిల్లలా ఎక్కాను. నిజం చెప్పాలి, అంత సుఖం ఎన్నడూ ఎరగను. ఆకలి పెరిగింది. ముఖం గుండ్రంగా నిండింది. "నీ పానం మంచిగైంది సరోజక్కా," అని డిపోలో అందరూ అన్నారు. తర్వాత నిద్ర తగ్గింది. చేతులు సన్నబడ్డాయి. బస్సు కడ్డీ తగిలితే చాలు నీలం మచ్చలు లేచేవి. అప్పుడు నేను అందరినీ అనుమానించాను. కొత్త నూనెను అనుమానించాను, డిపో నీళ్లను అనుమానించాను, "మంచిగైంది" అన్నవాళ్ల దిష్టిని కూడా అనుమానించాను. పొడిని మాత్రం అనుమానించలేదు. దాన్ని ఒకసారి పరీక్ష చేసి పాస్ చేశాను కదా.

చలికాలం చివర, జనగామ

నా బస్సు డ్రైవర్ మహబూబ్ భాయ్ కూతురి పెళ్లి జనగామలోనే. బగార అన్నం, కోడికూర, కందిపప్పుతో చేసిన దాల్చా. కోడికూర ముట్టకుండా జాగ్రత్తగా దాల్చాతో తిన్నాను. సొరకాయ ముక్కలే అనుకున్నాను. చివర్లో విస్తరిలో మెత్తగా ఒక ముక్క, దానికి వంకాయ తొడిమె. అక్కడే చెయ్యి కడుక్కుని లేచాను. ఇంటికొచ్చి పొడి డబ్బా పైన అటక మీద పెట్టేశాను. అమావాస్య ఇంకా చాలా దూరం ఉంది. చెప్పింది చెప్పినట్టు చేయడంలో నాకెవరూ సాటిరారు.

కొద్ది రోజులకే లేవలేకపోయాను. మంచం మీంచి లేస్తే ఇల్లు తిరిగేది. ఏం తిన్నా వాంతి. ఒంట్లోంచి ఎవరో తీగ గుంజేసినట్టు ఉండేది. పాలకుర్తి బస్టాండులో బస్సు మెట్ల మీద కూలిపోయాను. ఎవరో మహిళ నా టికెట్ల మిషను ఒడిలో పెట్టుకుని, అది ఎవరూ ముట్టకుండా దవాఖాన దాకా వచ్చిందట. ఆమె ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

జనగామ దవాఖానలో సెలైన్ పెట్టారు. కాస్త తేరుకున్నాను, మళ్లీ పడ్డాను. డాక్టర్లు, నర్సులు అందరూ వచ్చి ఒకే ప్రశ్న అడిగారు. "ఏమన్న మందులు వాడుతున్నరా?" నేను లేదన్నాను. అది అబద్ధమని నాకు అనిపించలేదు. పొడి మందేమిటి? పైగా ఇప్పుడు వాడటం లేదు కూడా.

మా ఆయన వరండాలో కనబడినవాళ్లందరికీ చెప్పాడు. "పెండ్లిల తిన్నకాన్నుంచే గిట్లయింది." ఆ మాట మహబూబ్ భాయ్ భార్య శంషాద్ చెవిన పడింది. అప్పటికే ఆమె గంజి గిన్నెతో తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఊరంత తిన్నది గద భాయ్, ఒక్క సరోజమ్మకే అయిందా?" అని అడిగింది. గొంతులో కోపం లేదు, బాధ ఉంది. మా ఆయన తల వంచుకున్నాడు. ఆమె గిన్నె పెట్టి వెళ్లింది. ఇక రాదనుకున్నాను. మర్నాడు మళ్లీ వచ్చింది, గంజిలో జీలకర్ర వేసి. ఆ మాట పడ్డాక కూడా రావడానికి ఎంత గుండె కావాలో నేను మంచంలో పడుకుని ఆలోచించాను, ఏడ్చాను కూడా.

భయం మాత్రం ఇంకోవైపు నుంచి వచ్చింది. మా అన్న భూపాలపల్లి నుంచి దిగాడు. అన్న, మా ఆయన వరండాలో గోడ దగ్గర గుసగుసలాడేవారు, నేను చూడగానే ఆపేసేవారు. మనిషికి చెప్పకుండా దాచే రోగం ఒక్కటే ఉంటుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. క్యాన్సరే అనుకున్నాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుంటే అది జాలి అనుకున్నాను, పట్టుకోకపోతే భయపడుతున్నాడనుకున్నాను. ఆయన తెచ్చిన కొబ్బరి నీళ్లు కూడా కడసారి కోరిక తీర్చడంలా అనిపించాయి.

ఒక సాయంత్రం ఒక డాక్టరమ్మ వచ్చింది. మా అమ్మాయి వయసు ఉంటుందేమో. చీటీ చూడలేదు, నా ముఖం చూసింది. చేతుల మీది మచ్చలు చూసింది.

"ఏం మందులు వాడుతున్నారమ్మా?"

"ఏమీ లేవు."

కాసేపు నా ఉద్యోగం గురించి మాట్లాడింది. "రోజంతా నిలబడాలి కదా. మోకాళ్ల నొప్పులు రావా?"

"ఉండే. తగ్గినయ్."

"ఎట్లా తగ్గాయి?"

దొరికిపోయాను. నా విద్యే నా మీద వేసింది. నేను అన్న వైపు చూశాను. అన్న నేల చూశాడు. వాళ్ల గుసగుసలన్నీ దీని గురించేనని అప్పుడు తెలిసింది. "దవాఖానోళ్లకు చెప్తె తిట్టి ఎల్లగొడ్తరు," అని అన్న, "ఏమో, చెప్తె మంచిదేమో," అని మా ఆయన. ఇద్దరూ నా పానం మధ్యలో పెట్టుకుని రోజుల తరబడి అదే తర్జనభర్జన పడ్డారు.

పొడి సంగతంతా చెప్పేశాను. డాక్టరమ్మ సూది మందు వేయించింది. "ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపినట్టుంది. పరీక్షకు పంపిద్దాం గానీ, మీ ఒళ్లే చెబుతోంది. మిగతాది పొద్దున మాట్లాడుకుందాం," అని పక్క మంచం దగ్గరికి వెళ్లింది.

పొద్దున దాకా ఆగడం నాకు రాదు. బస్సులో సగం మంది ఎక్కగానే విజిల్ వేసే రకం. వెంటనే అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, ఆ పొడి విషమే. ఇప్పుడే మోర్ల పారెయ్యి. ఒక్క చిటికెడు గుడ ముట్టకు."

"అట్లనా? సరే తీ, పారేస్త," అంది అక్క.

ఒక ప్రాణాన్ని కాపాడాననుకున్నాను. ఆ సూది మందుతో తెల్లారేసరికి ఒంట్లోకి ప్రాణం తిరిగి వచ్చింది. గంజి అడిగి తాగాను.

పొద్దున్నే డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. స్టెరాయిడ్ లాంటిది మన ఒంట్లోనే కొంత తయారవుతుందట. బయటి నుంచి నెలల తరబడి వస్తుంటే ఒళ్లు ఆ పని మానేస్తుందట. "ఆ పొడి తినడం ఎంత తప్పో, ఒక్కసారిగా ఆపడం అంతకంటే ప్రమాదం. మీరు పడింది అందుకే. వంకాయ వల్ల కాదు. మెల్లమెల్లగా, డాక్టరు చూస్తుండగా తగ్గించాలి. మీకు తెలిసినవాళ్లు ఇంకెవరైనా తింటుంటే ఆపమని మాత్రం చెప్పకండి. ముందు ఇక్కడికి తీసుకురండి."

అన్న పక్కనే ఉన్నాడు, వాడినీ చూస్తానంది. అక్క మాత్రం కురవిలో ఉంది.

అక్కకు ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేశాను. బావ ఫోన్ ఆఫ్. అక్క మిరపచేలో కూలిపోయి ఉన్నట్టు కనబడుతోంది. మా ఆయనను కురవి పొమ్మని ఏడ్చాను. జ్వరంలో మాట్లాడుతున్నానేమోనని ఆయన నుదురు పట్టి చూశాడు. ఎన్నేళ్ల చదువు ఇది? సగం విన్నాను, సగమే చెప్పాను, ఆ సగంతో తోడబుట్టినదాన్ని చంపుకుంటున్నాను. తెలియకపోవడం కంటే సగం తెలియడం ఎంత చెడ్డదో ఆ పొద్దున నేర్చుకున్నంత గట్టిగా నేను దేన్నీ నేర్చుకోలేదు.

మధ్యాహ్నం వార్డు తలుపు దగ్గర అక్క గొంతు వినబడింది, వాచ్‌మన్‌తో కొట్లాడుతూ. నన్ను చూద్దామని మానుకోటలో రైలెక్కి వచ్చిందట. ఫోన్ ఇంట్లో మరిచిపోయిందట.

"అక్కా, పొడి పారేసినవా?"

అక్క అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఎందుకు పారేస్తనే? నువ్వు దవాఖానల పడి ఉంటివి. వాళ్లు నీతోని ఏమన్న అనిపిస్తరు. నీ మాట ఇని మంచి మందు మోర్ల పోస్తనా? పొద్దుగాల గుడ మింగినంకనే రైలెక్కిన."

నేను అక్క మెడ చుట్టూ చేతులేసి ఏడ్చాను. నన్ను నమ్మనందుకు ఎవరినైనా అంత గట్టిగా పట్టుకోవడం అదే మొదటిసారి.

శివరాత్రికి ముందు, కురవి

సంతోషం అంతటితో అయిపోయింది. డాక్టరమ్మకు చూపించుకోనంటూ అక్క ఆ సాయంత్రమే రైలెక్కి పోయింది. నమ్మకపోవడం వల్ల బతికిన మనిషిని నమ్మించడం ఎలా? నేను ఇంటికొచ్చి కోలుకుంటూనే రోజూ ఫోన్ చేశాను. అక్క ముఖం కూడా నాలాగే గుండ్రంగా ఉంది, మచ్చలున్నాయి. డాక్టరమ్మ దగ్గరికి ఒక్కసారి రమ్మన్నాను.

"ఒకనాడు పారెయ్యమన్నవ్. తెల్లారి ఆపొద్దన్నవ్. ఎల్లుండి ఏమంటవో?" అంది. అందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

నడవగలిగాక నేనే కురవి వెళ్లాను. వీరభద్రస్వామి జాతర దగ్గర పడుతోంది. అక్క గోడలకు సున్నం వేయిస్తోంది. మాటల మధ్యలో అంది, "శివరాత్రికి మందు బంద్ చేస్త. ఉపాసముండేటోళ్లు మందులు మింగుతరా? జాతర అయినంక మళ్ల షురూ చేస్త."

మందు ఒక్కపూట కూడా ఆపొద్దన్నాను. అరిచాను, బతిమాలాను. బావను అడ్డం పెట్టుకున్నాను. బావ మెల్లగా అన్నాడు, "మీ అక్క నా మాట ఎన్నడిన్నది సరోజా?" చివరికి అక్కే ఒక మెలిక పెట్టింది.

"దవాఖానోళ్లకు రోగులు కావాలె. నీకు భయం పట్టింది. ఎల్లయ్య కాకకు ఏం లాభం? అడిగి మనల దోసుకున్నడా? ఆయన నోటితోని చెప్పుమను, నీ డాక్టర్ దగ్గరికి వస్త."

ఆ రోజు ఇంకో సంగతి కూడా అర్థమైంది. అక్క అనుమానం, నా అనుమానం ఒక్కలాంటివే. ఎదుటివాడికి ఏం లాభమని చూస్తాం. లాభం కనబడకపోతే నమ్మేస్తాం. నా మూడు ప్రశ్నలు అబద్ధాన్ని పట్టుకుంటాయి, తెలియనితనాన్ని పట్టుకోలేవు. తెలియనివాడు తడబడడు.

భూపాలపల్లి, మళ్లీ

హన్మకొండ బస్టాండులో అక్క, నేను కలిసి బస్సెక్కాం. అక్క ఆ పొద్దున మందు మింగిందో లేదో మూడు రకాలుగా అడిగి రూఢి చేసుకున్నాను. దారి పొడవునా ఎల్లయ్య కాకను నిలదీయడానికి మాటలు కూర్చుకున్నాను. పోలీసుల మాట కూడా ఎత్తాలనుకున్నాను. భూపాలపల్లిలో అన్న తోడొచ్చాడు. వాడికి తోడు పొడి తినే బాయి పనివాళ్లు ఎందరున్నారో అడిగితే తల గోక్కున్నాడు.

ఎల్లయ్య కాక మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఈసారి లేచి ఎదురు రాలేదు.

"కాకా, ఆ పొడిల ఏం కలుపుతున్నవ్?" అని నేరుగా అడిగాను.

"ఆకు, ఏరు. ఇంక బండి మీద ఒకాయన తెచ్చే బస్మం. అది కలిపినకాన్నుంచే మందుకు గుణమొచ్చింది బిడ్డా."

"ఎవరాయన? ఏ ఊరు?"

"ఎర్కలేదు. వస్తడు, ఇచ్చి పోతడు."

"ఆ బస్మంల ఏమున్నదో అడిగినవా?"

"బస్మంల ఏముంటది? బస్మమే."

తడబడలేదు. అబద్ధం లేదు కాబట్టే తడబాటూ లేదు. ఆ బండివాడు ఎవరో, ఏ ఊరినుంచి ఎంతమందికి పోస్తున్నాడో ఇప్పటికీ మాకు తెలియదు. పొడి పట్టుకుని అధికారుల దగ్గరికి అన్న వెళ్లాడు, రాసుకున్నారు. రోడ్డు మీద సంచీ కట్టుకున్న మోటారు సైకిల్ కనబడితే నా మెడ దానంతటదే తిరుగుతుంది.

నేను నాలుగో ప్రశ్న వేయబోతుంటే అక్క నన్ను పక్కకు జరిపింది. కాక చేతివైపే చూస్తోంది. తన చేతి గాజులు పైకి జరిపి, ఆయన చేతి పక్కన తన చెయ్యి పెట్టింది. రెండు చేతుల మీదా అవే నీలం మచ్చలు. ఆయన ముఖమూ మా ముఖాల్లాగే గుండ్రంగా ఉంది. మొదటిసారి వచ్చినప్పుడూ అలాగే ఉండి ఉంటుంది. నేను ఆయన మాటలను పరీక్ష చేశాను గానీ మనిషిని చూడలేదు.

"కాకా, నువ్వు గుడ తింటున్నవా?" అంది అక్క.

"తినకుంటె మంచం దిగలేను బిడ్డా. గదే నా బలం."

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. మంచం పట్టె మీద కూర్చుని డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. ఈసారి సగం చెప్పలేదు. ఒళ్లు తన పని మానేయడం గురించి చెప్పాను. ఒక్కసారిగా ఆపితే పడిపోవడం గురించి, మెల్లగా తగ్గించడం గురించి చెప్పాను. నేను పడింది వంకాయ తిని కాదు, వంకాయ తిన్నానని పొడి ఆపినందుకని చెప్పాను. ఆయన ఆరబోసిన ఆకుల వైపు చూశాడు.

"సర్వయ్య తన కొడుకు పెండ్లిల కోడికూర తిన్నడు. తెల్లారి నా దగ్గరికే వచ్చి చెప్పిండు. నిజమైన మనిషి. మందు ముట్టకురా అన్న. ముట్టలే. మళ్ల మంచం దిగలే." ఒక వేలు మడిచాడు. "ఇంకొకామె... ఆమె గుడ చెప్పింది." రెండో వేలు మడిచాడు. "పత్యం తప్పి నాకు చెప్పనోళ్లు గుడ ఉంటరు గద? వాళ్లు?"

అక్క చీర కొంగు సర్దుకుంది.

"నేను వంకాయ ఒక్కనాడు ఇడిసిపెట్టలే కాకా," అంది. "నీకు చెప్పలే. మందు గుడ ఇడిసిపెట్టలే."

ఎల్లయ్య కాక ఆమెను చూశాడు, నన్ను చూశాడు. నిటారుగా కూర్చుని ఉన్న అక్కనూ, గోడ పట్టుకుని వచ్చిన నన్నూ.

"అంటె, నా మాట ఇన్నోళ్లే పడ్డరా బిడ్డా?"

ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. అన్న బయటికి నడిచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మోసగాడిని పట్టుకుందామని వచ్చి, నాలాంటి రోగి ముందు కూర్చున్నాను. ఆయన కండ్లార చూసింది నిజమే. చూసినదానికి కట్టిన అర్థమే మనుషులను తీసుకుపోయింది. అంతకంటే ఎక్కువ ఆయనను నేను ఏమనగలను?

అక్క ముందుగా లేచింది. కాక భుజం మీద చెయ్యి వేసింది.

"లే కాకా. దవాఖానకు పోదాం. నేను గుడ వస్తున్న. ఇయ్యాల మందు మింగినవా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇంక ఎట్ల మింగుదు బిడ్డా?"

అక్క తన సంచిలోంచి పొట్లం తీసి విప్పి, రోజూ తాను తినేంత చిటికెడు ఆయన అరచేతిలో పోసింది. ఆయన ఆ చెయ్యి నోటిదాకా ఎత్తలేకపోతుంటే, ఆ పొడి మాన్పించాలని అంత దూరం వెళ్లిన నేనే కింద చెయ్యి ఆనించి, చెంబుతో నీళ్లు తాగించాను.